మాక్రో లెన్స్ కొనే ముందు ఎడం కొలవండి

మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి పెద్దగా తీసేది) కొనాలనుకుంటే ముందు చేతిలోకి తీసుకోవాల్సింది అడుగు స్కేలు. స్కూలు పిల్లల దగ్గర ఉండే మామూలు ముప్పై సెంటీమీటర్ల స్కేలు చాలు. పొద్దున ఎనిమిది దాటి, ఎండ తగిలి పురుగులు చురుగ్గా తిరిగే వేళకి ఇంటి వెనక జామచెట్టు దగ్గరికో చెరువు కట్ట మీదికో వెళ్లండి. తూనీగ వాలిందనుకోండి, స్కేలు ముందుకు చాపి మెల్లగా దాని వైపు జరపండి. ఎంత దగ్గరికి వచ్చాక లేచిపోయిందో గుర్తుపెట్టుకోండి. చీమతో, సాలెపురుగుతో, తేనెటీగతో కూడా ఇలాగే చేసి చూడండి. రెండు రోజులు తిరిగితే మీకు ఏ లెన్స్ కావాలో సగం తేలిపోతుంది.

"అన్నా, 60 తీసుకోనా, 100 తీసుకోనా?" ఒంగోలులో, నెల్లూరులో పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇది (ఈ అంకెలు లెన్స్ ఫోకల్ లెంగ్త్‌వి, ఎంఎంలలో; అంకె పెద్దదైతే దూరం నుంచే పెద్దగా చూపిస్తుంది). వెంటనే రెండోది వస్తుంది: "ఏది షార్ప్‌గా వస్తుందన్నా?" ఈ రెండో దాని గురించి టెన్షన్ పెట్టుకోవద్దు. పేరున్న కంపెనీల అసలు సిసలు మాక్రో లెన్సుల్లో మసకగా తీసేది ఇంతవరకూ నా చేతికి రాలేదు. ఎప్పటివో టామ్రాన్ 90, టోకినా 100 కూడా ఈగ కంటిలోని గళ్లు విడివిడిగా చూపిస్తాయి. ఫొటో బాగా రాకపోతే తప్పు గాజుది కాదు. పురుగుకి మరీ దగ్గరికి వెళ్లి ఉంటారు, లేదా వెలుతురు చాలి ఉండదు. అందుకే నేను లెన్సులను పోల్చేటప్పుడు మొదట ఎడం, అంటే లెన్స్‌కీ పురుగుకీ మధ్య మిగిలే ఖాళీ చూస్తాను, తర్వాత వెలుతురు, ఆ తర్వాతే మిగతావి.

ఎడం సంగతికి వచ్చే ముందు 1:1 అంటే ఏమిటో చెప్పుకోవాలి. లెన్స్ మీద 'మాక్రో' అని రాసి ఉన్నంత మాత్రాన అది మాక్రో కాదు. 70-300 జూముల్లో కొన్నింటి మీద ఈ మాట ఉంటుంది, కానీ అవి మహా అయితే సగం సైజు, అంటే 1:2 దాకా వెళ్లి ఆగిపోతాయి. నికాన్ వాళ్లేమో అసలైన మాక్రో లెన్సులకు 'మైక్రో' అని పేరు పెడతారు. పేర్లు పక్కన పెట్టి ఒక బియ్యపు గింజ తీసుకోండి. పొడవు ఐదారు మిల్లీమీటర్లు ఉంటుంది. 1:1లో తీస్తే ఆ గింజ బొమ్మ సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) మీద కూడా అంతే పొడవు పడుతుంది. క్రాప్ సెన్సర్ (చిన్న రకం) వెడల్పు 22-23 మిల్లీమీటర్లు కాబట్టి ఫ్రేము వెడల్పులో నాలుగో వంతుని గింజే ఆక్రమిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద రకం) వెడల్పు 36 కాబట్టి అక్కడ ఆరో వంతు. కెమెరాతో పాటు వచ్చే కొత్త రకం 18-55 లెన్సులు కూడా మూడో వంతు సైజు దాకా తీస్తాయి. 55 దగ్గర పెట్టి, ఫోకస్ కుదిరినంత దగ్గరికి వెళ్లి ఆ గింజనే ఒకసారి తీసి చూడండి. పూలకీ నగలకీ అదే చాలని కొత్త లెన్స్ ఆలోచన మానుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్లు మంచి పనే చేశారు.

ఇప్పుడు ఎడం. లెన్స్ మూతికీ మనం తీసే వస్తువుకీ మధ్య మిగిలే ఖాళీని నేను ఎడం అంటున్నాను. లెన్స్ వివరాల్లో ఇచ్చే 'కనీస ఫోకస్ దూరం' ఇది కాదు. ఆ దూరాన్ని సెన్సర్ దగ్గర నుంచి కొలుస్తారు. కెమెరా పైన సున్నా మధ్యలోంచి గీత గీసినట్టు ఒక గుర్తు ఉంటుంది, కొలత మొదలయ్యేది అక్కడే. కెమెరా మందం, లెన్స్ పొడవు అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. కేనన్ 100 ఎంఎం ఎల్ లెన్స్‌కి 30 సెంటీమీటర్లు అని రాస్తారు. 1:1 దగ్గర మూతి ముందు నిజంగా మిగిలేది 13-14 సెంటీమీటర్లే. నికాన్ డీఎక్స్ 40 ఎంఎంకి 16.3 అని ఉంటుంది, తీరా చూస్తే మిగిలేది నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ. 60 ఎంఎం లెన్సుల్లో కంపెనీని బట్టి ఐదు నుంచి పది దాకా వస్తుంది. 150, 180 ఎంఎం లెన్సులు ఇరవై దరిదాపుల నుంచి పాతిక దాకా ఇస్తాయి. హుడ్ (ఎండ పడకుండా లెన్స్ మూతికి తగిలించే గొట్టం) తగిలిస్తే అందులోంచి మూడు నాలుగు సెంటీమీటర్లు పోతాయి, అందుకని 1:1లో తీసేటప్పుడు హుడ్ తీసేయండి.

నాలుగుకీ పద్నాలుగుకీ తేడా ఎంతో పొదలకూరు వైపు నిమ్మతోటలోకి వెళ్తే తెలుస్తుంది. నిమ్మ లేతాకుల మీద సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. లేత పసుపు రంగులో, ఒక్కోటి మిల్లీమీటరు ఉంటుందేమో. వాటిలోంచి వచ్చే పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్ట రెట్టలాగే ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. దాన్ని కదిలించినా, మరీ మీదికి వెళ్లినా తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి పొడుచుకొస్తుంది, ఘాటైన వాసన కూడా వస్తుంది. పురుగు భయపడిందని దానర్థం. 40 ఎంఎం లెన్స్‌తో నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా మూతి ఏదో ఒక ఆకుకి తగిలేది, కొమ్మ ఊగేది, ఆ కొమ్ము లేచేది. 100 ఎంఎంతో అదే పురుగు తన మానాన ఆకు తింటూనే ఉంది. ఆకు అంచుని పై నుంచి కిందికి కొరుక్కుంటూ వచ్చి, మళ్లీ తల పైకెత్తి మొదటి నుంచి మొదలుపెట్టడం అప్పుడు చూశాను. నిమ్మముళ్లు చేతికి గీసుకోకుండా ఉండటం ఇంకో లాభం.

అలాగని చిన్న లెన్సులు పనికిరావని కాదు. కదలనివాటికి అవి చక్కగా సరిపోతాయి. నాణేలు, స్టాంపులు, చీర నేత, పాత ఉత్తరాల మీది చేతిరాత, రాళ్లు. రాళ్లంటే చీమకుర్తి గుర్తొస్తుంది. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ సాంపిల్ ముక్క ఒకటి నా టేబుల్ మీద ఉంటుంది. నల్లటి రాయిలో మెరిసే ఆ బంగారు చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. 1:1లో చూస్తే ఒక్కో చుక్క పొరలు పొరలుగా పగిలిన రాగిరేకులా ఉంటుంది. వెలుతురు ఎదురుగా పడితే ఆ రేకు నల్లగా చచ్చిపోతుంది, పక్క నుంచి కొంచెం వాల్చి వేస్తే వెలుగుతుంది. దీపాన్ని ఒక్క అంగుళం జరిపితే ఒక చుక్క ఆరి ఇంకోటి వెలుగుతుంది. ఇలాంటి పనికి 60 ఎంఎం, ఒక ట్రైపాడ్, టేబుల్ లైట్ చాలు. 35, 40 ఎంఎంలతో మాత్రం లెన్స్ నీడే రాయి మీద పడుతుంది. కేనన్ ఈఎఫ్-ఎస్ 35 ఎంఎం మాక్రోకి మూతి చుట్టూ చిన్న లైటు అమర్చి ఇచ్చింది ఈ ఇబ్బంది వల్లే.

పురుగులు, పూలు, అప్పుడప్పుడు పెళ్లిళ్లు, అన్నీ ఒక్క లెన్స్‌తో జరగాలంటే నా ఓటు 90 నుంచి 105 ఎంఎం మధ్యకే. ఇక్కడ ఏది కొనాలన్నది మీ కెమెరా తేలుస్తుంది. కేనన్ డీఎస్ఎల్ఆర్ ఉంటే ఈఎఫ్ 100 ఎంఎంలో రెండు రకాలున్నాయి. పాతదానికి స్టెబిలైజేషన్ (చేతి వణుకుని సరిచేసే ఏర్పాటు) లేదు, 2009లో వచ్చిన ఎల్ రకానికి ఉంది. రేపు ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్‌కి మారినా అడాప్టర్‌తో రెండూ ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. ఆర్ సిరీస్‌కి నేరుగా వచ్చిన ఆర్ఎఫ్ 100 ఎంఎం 1.4 రెట్ల దాకా వెళ్తుంది, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. నికాన్ వాళ్లకి 105 ఎంఎం వీఆర్, జెడ్ మౌంట్‌లో ఎంసీ 105. సోనీ వాళ్లకి సొంత 90 ఎంఎం జీ ఉంది, సిగ్మా 105 డీజీ డీఎన్ కూడా ఉంది. ఆ రెంటిలో కెమెరా బాడీలోనే స్టెబిలైజేషన్ ఉన్నవాళ్లు సిగ్మా వైపు ధైర్యంగా వెళ్లొచ్చు, లేనివాళ్లు 90 తీసుకోవడం మేలు. ఖర్చు తగ్గాలంటే టోకినా 100, టామ్రాన్ 90 పాత రకం. వీటి గొట్టం ఫోకస్ చేసేకొద్దీ ముందుకు సాగుతుంది. అలా సాగి సాగి పురుగు మీదికే వెళ్తుందని గుర్తుంచుకుని కొనండి.

స్టెబిలైజేషన్‌కి ఎంత అదనంగా పెట్టొచ్చు? కేనన్ ఎల్ లెన్స్ మామూలు దూరాల్లో నాలుగు స్టాపుల (ఒక్కో స్టాపుకి షట్టర్ సమయం రెట్టింపు చేసుకోవచ్చు) సాయం చేస్తే, 1:1 దగ్గర రెండు స్టాపులకు పడిపోతుందని కంపెనీయే చెబుతుంది. పైగా అది ఆపేది మన చేతి వణుకుని, ఊగే ఆకుని కాదు. మన కోస్తాలో మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి మొదలవుతుంది. మైపాడు వైపు సాయంత్రం పూట గడ్డిపువ్వు ఒక్క క్షణం నిలవదు, అక్కడ ఏ స్టెబిలైజేషనూ ఏమీ చేయలేదు. ఫ్లాష్‌తో తీస్తే ఆ మెరుపు వ్యవధే కదలికను ఆపేస్తుంది కాబట్టి స్టెబిలైజేషన్ పెద్ద లెక్కలోకి రాదు. పెళ్లిళ్లలో ఫ్లాష్ లేకుండా తీసేవాళ్లకి మాత్రం ఆ డబ్బు దండగ కాదు.

పెళ్లి గురించి విడిగా చెప్పాలి. మెట్టెలు, మంగళసూత్రం, బాసికం, మెహందీ చేతిలో ఉంగరం, వీటికి 1:1 దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు, సగం సైజు చాలు. కేనన్ ఆర్ఎఫ్ 85 ఎంఎం ఎఫ్/2 సగం సైజు వరకే వెళ్తుంది, కానీ జీలకర్ర-బెల్లం వేళ పెళ్లికూతురి ముఖం కూడా దాంతోనే అందంగా వస్తుంది. రోజూ పెళ్లిళ్లే చేసే తమ్ముళ్లకి నేను 100 కన్నా ముందు దీన్నే చెబుతున్నాను. నగల్లో ఇంకో చిక్కుంది. మెరుగుపెట్టిన బంగారం అద్దంతో సమానం, దగ్గరికి వెళ్తే కెమెరా, మన చెయ్యి, నల్లటి లెన్స్ మూతి అన్నీ అందులో కనబడతాయి. దూరం నుంచి తీస్తే ఆ నీడలు చిన్నవవుతాయి. కాబట్టి ఉంగరాలకి సైతం 35 కంటే 85, 100 మంచివి.

150, 180 ఎంఎంల గురించి ఎక్కువ చెప్పను. తూనీగలే లోకం అనుకునేవాళ్లకి అవి వరం. మిగతావాళ్లకి బరువు, ధర, చేతి వణుకు మూడూ పెరుగుతాయి.

డబ్బు ఇప్పుడే పెట్టలేనివాళ్ల దారి వేరు, నాకు బాగా ఇష్టమైన దారి కూడా అదే. మీ దగ్గర 55-250 లాంటి జూమ్ ఉంటే దాని ముందు తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 అనే చిన్న క్లోజప్ లెన్స్ దొరుకుతుంది. చిటికెలో క్లిప్పులా పట్టేస్తుంది, 52 నుంచి 67 ఎంఎం ఫిల్టర్ సైజు దాకా సరిపోతుంది. దాని పవర్ 8 డయాప్టర్లు, అంటే దాని ఫోకల్ లెంగ్త్ 125 ఎంఎం. లెక్క తేలిక: జూమ్‌ని అనంతం దగ్గర ఫోకస్ చేసి 250లో పెడితే 250ని 125తో భాగించాలి, రెండింతలు వస్తుంది. 125లో పెడితే 1:1. ఎంత జూమ్ చేసినా ఎడం మాత్రం పన్నెండు సెంటీమీటర్ల దగ్గరే ఉంటుంది. తక్కువ జూమ్‌లో మూలలు నల్లబడతాయి, అంచుల్లో కొంచెం మెత్తదనం ఉంటుంది. మధ్యలో పురుగుని పెట్టుకునే ఫొటోకి అది అడ్డం కాదు. రెండింతలు మొదటిరోజే కష్టమనిపిస్తే డీసీఆర్-150 తీసుకోండి. అది 4.8 డయాప్టర్లు, 250 దగ్గర 1.2 రెట్లు ఇస్తుంది, ఫోకస్ పట్టడం తేలిక.

ఎక్స్‌టెన్షన్ ట్యూబులు ఇంకో పద్ధతి. లోపల గాజే ఉండదు, లెన్స్‌ని కెమెరా నుంచి దూరం జరిపే ఖాళీ గొట్టాలు అంతే. 12, 20, 36 ఎంఎం కలిపి సెట్టుగా వస్తాయి. గొట్టం పొడవుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎంత సైజు కలుస్తుందో తెలుస్తుంది. 50 ఎంఎం వెనక 36 పెడితే 0.7 కలుస్తుంది, లెన్స్‌కి సొంతంగా ఉన్నది అదనం. కానీ 250 జూమ్ వెనక అదే గొట్టం పెట్టినా పెద్దగా ఏమీ కలవదు. అందుకే జూమ్ ఉంటే రేనాక్స్, 50 ఎంఎం ఉంటే ట్యూబులు అని చెబుతాను. ట్యూబులు కొంటే లోపల ఎలక్ట్రానిక్ పిన్నులు ఉన్నవే కొనండి. పిన్నులు లేని చవకవాటితో కేనన్ లెన్స్ అపెర్చర్ (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) పూర్తిగా తెరుచుకునే ఉండిపోతుంది, నికాన్ జీ లెన్స్‌దైతే పూర్తిగా మూసుకుపోయి వ్యూఫైండర్ చీకటైపోతుంది. ఎడం కూడా బాగా తగ్గిపోతుంది, రాళ్లకీ పూలకీ ఫర్వాలేదు, తూనీగకి కాదు. లెన్స్‌ని తిప్పి బిగించే రివర్స్ రింగ్ అన్నిటికన్నా చవక. అయితే సున్నితమైన వెనక గాజు దుమ్ముకి ఎదురుగా ఉంటుంది, మన ఎర్రమట్టి దారుల్లో నేను ఆ పని చేయను.

1:1 సరిపోని పనులు కూడా మన దగ్గర ఉన్నాయి. 2021-22లో మిరప పూతని నాశనం చేసిన తామరపురుగు గుర్తుంది కదా. అది మిల్లీమీటరు పొడవు. 1:1లో తీస్తే ఫ్రేములో చిన్న గీతలా కనిపిస్తుంది. దాని రెక్కల అంచున ఉండే కుచ్చు కనబడాలంటే మూడు నాలుగు రెట్లు కావాలి. కేనన్ ఎంపీ-ఈ 65 ఐదు రెట్ల దాకా వెళ్తుంది, లావోవా 25 ఎంఎం రెండున్నర నుంచి ఐదు రెట్లు. రెండూ చేత్తో ఫోకస్ చేసేవే, ఇంత పెద్దగా తీసేటప్పుడు ఎవరైనా చేసేది అదే. రెండు రెట్లు చాలనుకుంటే లావోవా 100 ఎంఎం, ఎడం కూడా కలిసొస్తుంది. ఏ పురుగో వ్యవసాయాధికారికి వాట్సాప్‌లో చూపించడానికే అయితే రైతులు కెమెరా జోలికి పోనక్కర్లేదు. ఫోన్ మీద పెట్టుకునే క్లిప్ లెన్స్, ఎండ తగలని చోట తెల్లకాగితం మీద దులిపిన పువ్వు చాలు.

ఏ లెన్స్ కొన్నా వెలుతురుకి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. 1:1 దగ్గర అపెర్చర్ ఎఫ్/8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది) పెట్టినా సెన్సర్‌కి అందే వెలుగు దాదాపు ఎఫ్/16కి సమానం. అంత చీకటి చేసుకున్నా స్పష్టంగా ఉండే లోతు క్రాప్ కెమెరాలో ముప్పావు మిల్లీమీటరు కూడా రాదు. చీమ కళ్లు స్పష్టంగా ఉంటే నడుం మసకే. అపెర్చర్ ఇంకా మూస్తే లోతు పెరుగుతుంది గానీ ఫొటో మొత్తం మెత్తబడుతుంది, నేను ఎఫ్/11 దాటను. అందువల్ల ఫ్లాష్ కావాలి, ఆ ఫ్లాష్ మీద వెలుగుని మెత్తబరిచే తెల్లటి డిఫ్యూజర్ కావాలి. ట్రేసింగ్ పేపరు రెండు పొరలు వంచి లెన్స్ మూతి పైకి గొడుగులా వచ్చేలా కట్టుకోండి. కెమెరా మీద ఉండే చిన్న ఫ్లాష్‌ని లెన్స్ గొట్టమే అడ్డేస్తుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఫోకస్ రింగుని ఒకచోట వదిలేసి, ఒళ్లు ముందుకీ వెనక్కీ మిల్లీమీటర్లలో ఊపుతూ కన్ను స్పష్టమైన క్షణాన నొక్కడం వారంలో అలవాటవుతుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి రెండు మాటలు. మా మేనల్లుడి డీ5300 కోసం పాత నికాన్ 60 ఎంఎం డీ రకం లెన్స్ ఒకటి తీసుకున్నాం. లెన్స్ మంచిదే, కానీ ఆటోఫోకస్ కదల్లేదు. ఆ రకం లెన్సులో మోటారు ఉండదు, డీ3000, డీ5000 వరస కెమెరాల బాడీలోనూ ఉండదు. అమ్మినవాళ్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉందో లేదో చూసుకుంటే సరిపోయేది.

రెండోది ఫంగస్, అంటే లెన్స్ లోపల పట్టే బూజు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు, వాయుగుండాలు. ఒక ఏడాది ముసురు పట్టినప్పటి నుంచి నా 100 ఎంఎం తోలు సంచిలోనే ఉండిపోయింది. సంక్రాంతికి తీసి టార్చి వేసి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు పోగులాంటి సన్నటి తీగలు. బాగు చేయించడానికి చెన్నై దాకా పంపాల్సి వచ్చింది. అందుకే పాత లెన్స్ చేతికివ్వగానే రెండు మూతలూ తీసి, వెనక నుంచి టార్చి వేసి, అపెర్చర్ పూర్తిగా తెరిచి, పక్కవాటుగా చూడండి. తీగలు కనబడితే ఎంత చవకైనా వదిలేయండి. ఇంటికి తెచ్చుకున్నాక తోలు సంచిలో పెట్టొద్దు. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్‌తో పాటు ఉంచండి. జెల్ గింజలు నీలం నుంచి గులాబీ రంగుకి తిరిగితే పెనం మీద సన్నసెగన వేయించి, చల్లారాక మళ్లీ డబ్బాలో వేయండి. వంటకి వాడే పెనం మాత్రం కాదు, దీనికి వేరేది ఉంచుకోండి.